వెనక్కి పోని అల

రాతి లారీలు హైవే ఎక్కి మార్టూరు కిటికీలన్నీ అదిరే వేళకల్లా నసీమున్నీసా వెనకగదిలో చాప పరుచుకుని కూర్చునేది. వైరు ఒక కొసని కాలివేళ్ల మధ్య బిగించి, రెండో కొసని పంటితో ఒలిచేది.

"పళ్లు అరిగిపోతే ఎవడు చేసుకుంటాడే నిన్ను?" అని వాళ్లమ్మ మస్తాన్‌బీ వాకిట్లోంచి అరిచేది.

"పళ్లు చూసి చేసుకునేవాడైతే ఎద్దుల సంతకి పొమ్మను" అని ఈమె లోపల్నించి అనేది.

ముందుగది వాళ్ల నాన్న బుడే నడిపే లైటింగ్ షాపు. పెళ్లిళ్లకి ట్యూబులైట్లు, మైకు సెట్లు; తిరనాళ్లకీ ఉరుసులకీ చర్చి పండగలకీ బల్బుల బోర్డులు. బోర్డంటే పెద్ద వెదురు చట్రం మీద రంగురంగుల చిన్న బల్బులు వరసలుగా కట్టిన బొమ్మ. ఆ బొమ్మ కదలాలంటే రోలరు కావాలి. అదొక చిన్న కొయ్యదుంగ, మోటారుతో తిరుగుతుంది. దాని మీద రాగి పట్టీలు కొట్టి ఉంటాయి. ఏ పట్టీ వచ్చి పక్కనున్న ఇత్తడి రేకుని తాకితే ఆ వరస బల్బులు వెలుగుతాయి. అదొక సీను. సీను వెనక సీను పడితే నెమలి పురి విప్పుతుంది. పట్టీ ఎక్కడ కొట్టాలో నసీమ్‌కి ఎవరూ నేర్పలేదు. పాత రోలర్లు విప్పి, కొన్నింటిని తగలేసి, తిట్లు తిని తనే పట్టుకుంది. ఇప్పుడు బుడే అద్దెకిచ్చే బోర్డులన్నీ ఆమె కట్టినవే.

ఆ బోర్డులు వెలిగినంతసేపూ నిజం. ఫౌంటెను బోర్డు కింద నిలబడితే తడుస్తారు, మల్లెపందిరి బోర్డు పెడితే వీధంతా వాసన. చుట్టుపక్కల ఊళ్లకి ఇందులో వింతేమీ లేదు. "ఈసారి నెమలి వద్దు బుడే, కిందటేడు మా కళ్లంలో దిగి మిరపకాయలు ఏరుకు తినింది" అని బేరానికొచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. కరెంటు పోగానే నెమలి పోయింది గానీ, తిన్న కాయలు తిరిగి రాలేదు మరి. దేవుళ్ల బొమ్మలు మాత్రం ఎవరూ కట్టమనేవాళ్లు కాదు. ఈ కరెంటుని నమ్ముకుని దేవుణ్ణి పిలవటం మర్యాద కాదని అన్ని మతాలవాళ్లూ ఒప్పుకున్న మాట.

ఇన్ని కట్టిన నసీమ్ ఒక్క బోర్డు కూడా నిండుగా వెలగ్గా చూడలేదు. ఇంటి ఫ్యూజు అంత బరువు మొయ్యదు. ఒక్కో వరసా విడిగా వెలిగించి చూసి పంపెయ్యటమే. నెమలి కట్టినప్పుడు గదిలో ఒక్క ఈక కనిపించి పోయింది. ఫౌంటెను కట్టినప్పుడు చాప కొస చెమ్మగిల్లింది. అన్నీ కలిస్తే ఎట్టా ఉంటుందో వ్యాను తోలే కరీముల్లా వచ్చి చెప్పాలి. అతనికేమో చెప్పటం రాదు.

"బాగుందక్కా."

"ఎట్టా బాగుంది?"

"నెమలిలాగే ఉంది."

"నన్నూ తీసుకుపో నాన్నా" అని ఎన్నిసార్లడిగినా బుడే ఒకటే అనేవాడు. "ఆడపిల్ల వ్యానెక్కి తిరనాళ్లు తిరిగితే నలుగురూ నా మొహాన ఉమ్మరూ?"

రంజాను దాటాక నసీమ్ పెళ్లి. అద్దంకిలో గాజుల కొట్టువాళ్లు, మంచివాళ్లే. ఒక్క మాట మాత్రం ముందే అనుకోవాలన్నారు: మా ఇంట్లో కోడలు వైర్లు ముట్టుకోకూడదు. బుడే సరేనన్నాడు. తలుపు వెనక నసీమ్ విన్నది. ఆ రోజునించీ ఆమెకి తిండి తిన్నా, పడుకున్నా ఒకటే రంధి. వెళ్లిపోయేలోగా తను కట్టింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నిండుగా వెలగ్గా చూడాలి.

ఆ ఎండల మొదట్లో కాలవకట్ట పేటనించి చర్చి పెద్ద సంజీవరావు వచ్చాడు. చర్చి కట్టిన పండగట.

"సముద్రం కావాలి బుడే. గలిలయ సముద్రం. దాని మీద పడవ."

"పడవలో మనుషుల్ని కట్టాలాండీ?"

"వద్దొద్దు. ఖాళీ పడవ చాలు. ఎక్కేవాడుంటే ఆయనే ఎక్కుతాడు."

నసీమ్ సముద్రం ఎరగదు. చీరాల బస్సులు రోజూ ఇంటిముందునించే పోతాయి, ఎక్కించినవాళ్లు లేరు. ఆ బస్సు దిగి గంపతో చేపలమ్మొచ్చే వెంకటరావమ్మని పట్టుకుంది.

"పిన్నీ, సముద్రం ఎట్టా ఉంటుంది?"

"ఎట్టా ఉండటమేందే? నీళ్లు. ఉప్పునీళ్లు. గట్టుండదు, కొస కనపడదు."

"అలలో?"

"వస్తానే ఉంటయ్. ఒకటొచ్చిందా, దాని ఎనకే ఇంకోటి. పగలు లేదు, రాత్రి లేదు. కానాగంతలు తాజాగా ఉన్నయ్, మీ అమ్మని పిలువ్."

వెంకటరావమ్మ అబద్ధం చెప్పలేదు. సముద్రం పక్కనే పుట్టిన మనిషి. అందరికీ తెలిసిన మిగతా సగం నోరు తెరిచి చెప్పాలని ఆమెకి తోచలేదు.

నసీమ్ ఎరిగిన పెద్దనీళ్లంటే సాగర్ కాలవ. పైనుంచి వస్తాయి, ముందుకు పోతాయి, అంతే. ఆమె రోలరు మీద పట్టీల్ని మెట్లలాగా కొట్టింది. ఒక అల, దాని ముందు ఇంకో అల, ఆఖరిది కాగానే మళ్లీ మొదటిది. బల్బులకి నీలం లక్క తనే పూసింది. మూడో వరస వెలిగించి చూసినప్పుడు గది నిండా తెలియని వాసనొకటి వచ్చింది. గడప దగ్గర చిన్న గవ్వ. తీసుకుందామని వంగేలోగా ఫ్యూజు పోయింది, గవ్వా పోయింది.

పండగ ముందురోజు పొద్దువాలుతుండగా కరీముల్లా వ్యాను ఇంటిముందు ఆగింది. మనిషి నడుందాకా తడిసి ఉన్నాడు.

"అక్కా, మీ నాన్న రమ్మంటన్నాడు."

"ఎవర్ని?"

"నిన్నే."

"దాన్నా? ఆయనకేమన్నా మతిపోయిందా?" అన్నది మస్తాన్‌బీ.

"సముద్రం ఆగటంలా అత్తా!" అన్నాడు కరీముల్లా లుంగీ పిండుకుంటా. "ముందు బాగానే ఉంది. అలలొస్తంటే అందరూ చప్పట్లు కొట్టారు. అయి వస్తానే ఉన్నయ్. చర్చి మెట్లదాకా వచ్చినయ్, కళ్లం అంచుదాకా వచ్చినయ్. పేటోళ్ల మిరపకాయలన్నీ ఆ కళ్లంలోనే ఎండబోసి ఉన్నయ్. బుడే మామ రేకులు గీకాడు, మోటారు మార్చాడు. ఊహూఁ. ఆఖరికి రోలరుని తిరగేసి బిగించాడు."

"అప్పుడు?"

"అప్పుడు పోవటం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాం. పోతానే ఉంది. సంజీవరావుగారి చెప్పులు పట్టుకుపోయింది, బావికాడ బొక్కెన పట్టుకుపోయింది, ప్రేమమ్మగారి కోడిపెట్టని కూడా. స్విచ్చి ఆపినా చెప్పులు రాలేదు. కట్టిన మనిషే వచ్చి చూడాలని మామ అంటన్నాడు."

మస్తాన్‌బీ ఏదో అనబోయి, మిరపకాయల సంగతి తలచుకుని, కూతురి తలమీద పైట సర్దింది.

పేటలో బోర్డు చర్చికి ఎదురుగా, పొలం అంచున పొడుగాటి వెదురు కాళ్ల మీద నిలబడి ఉంది. ఇంటికన్నా ఎత్తు. ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా ఒళ్లో పెట్టుకున్నది ఇదేనా అనుకుంది నసీమ్. బుడే ఆమె మొహం చూడలేదు.

"రోలరు మొదట్లాగే బిగించి కరెంటియ్యి నాన్నా."

"మునుగుతాం."

"మునిగేలోగా చూస్తా."

స్విచ్చి పడింది. నీలం మీద నీలం విరుచుకుపడింది. బోర్డు కాళ్ల దగ్గర మొదలైన నీళ్లు నురగ కట్టుకుంటూ వచ్చాయి. జనం మెట్లెక్కారు, పిల్లల్ని చంకనేసుకున్నారు. నసీమ్ కదల్లేదు. చీలమండలు, పిక్కలు, మోకాళ్లు.

"ఏం తప్పు కనపడిందే?" అని అరిచాడు బుడే.

"తప్పేముంది నాన్నా? ఎంత బాగుందో!"

"ఆపేస్తన్నా!"

నీళ్లు పోయాయి. ఆమె తడిబట్టతో పొడినేల మీద నిలబడి ఉంది. మెట్ల మీంచి ప్రేమమ్మ దిగివచ్చింది. కళ్లాల్లో కాయలు ఏరి ఏరి వేళ్లు ఎర్రబారిపోయిన పెద్దమనిషి.

"అమ్మాయ్, నువ్వు సముద్రం చూశావా?"

"లేదు పెద్దమ్మా."

"నాకట్టానే అనిపించింది. నేను ప్రార్థన కూటాలకి పోయినప్పుడు చీరాలకాడ చూశా. అలొచ్చి కాళ్లు తడిపి, ఎనక్కి పోద్ది. పోతా పోతా అరికాళ్ల కింద ఇసక లాగుద్ది. మనల్ని కూడా రమ్మన్నట్టుంటది."

"వెనక్కి పోద్దా? ఎందుకు?"

"నన్నడిగితే? దాని ఇల్లు అటుంది."

వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చే నీళ్లుంటాయని నసీమ్ కలలోనైనా అనుకోలేదు. వెళ్లినది తిరిగి రావచ్చన్నమాట. వచ్చినది కట్టిపడేసినట్టు ఉండిపోనక్కర్లేదన్నమాట.

చర్చి మెట్టు మీద కూర్చుని రోలరు ఒళ్లో పెట్టుకుంది. పట్టకారుతో పట్టీలన్నీ పీకేసింది. మెట్లు ఎక్కినట్టు కొట్టుకుంటూ వెళ్లి, అక్కణ్ణించి దిగినట్టు కొట్టుకుంటూ వచ్చింది. బుడే పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. మేకు అడిగితే మేకు ఇచ్చాడు. సంజీవరావు ఉత్తకాళ్లతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మళ్లీ స్విచ్చి వేశారు. అల వచ్చింది. మెట్టుని తాకింది. ఒక క్షణం ఆగి, గులకరాళ్లు గలగలలాడిస్తూ వెనక్కి పోయింది.

"ఇదీ!" అన్నది ప్రేమమ్మ. పేటంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పిల్లలు అల వెంట పరిగెత్తి, అల తరిమితే కేకలేస్తూ వచ్చారు. నసీమ్ అరికాళ్ల కింద ఇసక జారింది.

రెండో అలకో మూడో అలకో పడవ ఒడ్డుకి వచ్చింది. ఖాళీ పడవ. లోపల తెడ్డు అడ్డంగా పడి ఉంది.

"చాల్లే నసీమ్, చూశావుగా" అన్నాడు బుడే.

"దగ్గర్నించి చూస్తే వరసలే కనపడతన్నయ్ నాన్నా. ఇంట్లో చూసినట్టే ఉంది. కొంచెం అవతలికి పోయి చూసొస్తా."

అంటూనే కాలెత్తి పడవలో పెట్టింది. అల వెనక్కి తీసింది. పడవ బోర్డు కాళ్ల మధ్యగా దూరి, పత్తిచేలమీదుగా నల్లటి నీళ్లలోకి వెళ్లిపోయింది.

చాలా దూరం పోయాక ఆమె వెనక్కి తిరిగింది.

నిండుగా వెలుగుతోంది. వైర్లవైపునించి, అంటే తను ఎప్పుడూ కూర్చునే వైపునించి కనపడుతోంది. వరసలు లేవు, సీన్లు లేవు, ఉన్నదంతా ఒకే నీలం, ఊపిరి తీస్తూ వదులుతూ. ఆ వెలుగులోంచి మెట్ల మీద జనం చీమల్లాగా. స్విచ్చి బల్ల దగ్గర నాన్న. ఒక్కసారి చూస్తే తీరిపోతుందనుకుంది. తీరలేదు. చూసినకొద్దీ గుండె ఇంకా అటువైపు, వెలుగు లేనివైపు లాగుతోంది. అక్కడేముందో ఎవరూ చెప్పలేదు. చెప్పినా సగమే చెప్పుంటారు. ఆమె తెడ్డు చేతికి తీసుకుంది.

ఒడ్డున సంజీవరావు మెల్లగా అడిగాడు. "ఆపుదామా బుడే? రేపు పండగ, మోటారు చల్లారనివ్వాలిగా."

"లైన్లో మనిషుందండి" అన్నాడు బుడే.

లైన్లో మనిషుంటే కరెంటు తియ్యటమే అతను అంతవరకూ ఎరిగిన పద్ధతి. మనిషుందని తియ్యకుండా ఉండటం అదే మొదలు. బల్ల తెచ్చుకుని స్విచ్చికి వీపు ఆనించి కూర్చున్నాడు, ఇంకెవరి చెయ్యీ పడకుండా.

పండగ అయింది. బోర్డు విప్పలేదు. కళ్లాన్ని పేటవాళ్లు కొంచెం ఎగువకి జరుపుకున్నారు. చర్చినించి ఒక లైను లాగారు. కరెంటు పోయేముందు బల్బులు మినుకుమినుకుమంటాయి గదా, అది కనిపెట్టి కరీముల్లా జనరేటరు అందుకునేవాడు. ఆడవాళ్లు సాయంత్రం పూట కాళ్లు కడుక్కోవటానికి ఒడ్డుకి వచ్చేవాళ్లు. బుడేకి అన్నం ప్రేమమ్మ పంపేది.

అద్దంకివాళ్లు మార్టూరు వెళ్లి, అక్కణ్ణించి వెతుక్కుంటూ పేటకి వచ్చారు.

"పిల్లేదయ్యా?"

"పనిమీద వెళ్లిందండి."

"ఆడపిల్లకి పనేంది?"

బుడే రేకుల మీద పేరుకున్న ఉప్పు గీకుతున్నాడు. తల ఎత్తలేదు. "దాని పని అదేనండి. ఇన్నాళ్లూ ఇంట్లో చేసేది."

అద్దంకివాళ్లు కొంతసేపు సముద్రాన్ని చూశారు. వాళ్లలో ముసలావిడ చెప్పులు విడిచి కాళ్లు తడుపుకుంది. తర్వాత బస్సుకి టైమైందని లేచారు.

నసీమ్‌కి ఈ మాటలేవీ వినపడలేదు. బోర్డు కూడా కనపడనంత దూరంలో ఉంది. కానీ పడవ కింద అల నడక తన చేతి పని. ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. ఒక మధ్యాహ్నం ఆ నడక కుంటింది. మూడో అల రాలేదు. పడవ ధభీమని పడి, నాలుగో అలకి లేచింది. మళ్లీ అంతే. మూడో వరస ఆరిపోయిందన్నమాట.

సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే వరసంతా చీకటి. మాడినదేదో పైకి తెలియదు. ఒక్కొక్కటే తీసి, మంచిది పెట్టి, కాకపోతే మళ్లీ తీసి, వరస పొడుగునా వెతుక్కుంటూ పోవాలి. ఇంట్లో ఆ పని ఎప్పుడూ తనదే. నాన్నకి చిన్న బల్బులు కళ్లకి ఆనవు. పైగా నిచ్చెన, కింద నీళ్లు. ఆరిన వరసని వదిలేసి మిగతావాటితో నెట్టుకొచ్చినా అడిగేవాళ్లు లేరు. అద్దెకిచ్చే బోర్డులకి ఆయన ఎన్నోసార్లు అట్టాగే చేశాడు.

ఆమె తెడ్డు ఆపి కూర్చుంది. పడవ కుంటుతూనే ఉంది. ఎండ వాలింది. నీళ్లు రంగు మారాయి. పడవ పడటం, లేవటం, పడటం. నడుం నొప్పెట్టింది. ఇక చేతకాక నాన్న వదిలేశాడేమో అనుకుంది. అనుకుని, తెడ్డు తిప్పి వెనక్కి పోదామా అని కూడా చూసింది.

అప్పుడు ఒకసారి పడవ పడలేదు. మూడో అల నిదానంగా, నిండుగా కిందికి వచ్చి, ఆమెని పైకెత్తి, తర్వాతి అల చేతికి అందించింది.

నసీమ్ ఆ అల మీద అరచెయ్యి ఆనించి, అది దాటిపోయేదాకా అట్టాగే ఉంచింది. తర్వాత తెడ్డు వేసింది, పడవ ముక్కు ఎటుంటే అటే.