లారీకి పడవ ముడి

నీళ్లు పడవలోకి వచ్చేటప్పుడు పెద్దగా చప్పుడు చెయ్యవు.

గుటక... మళ్లీ గుటక... దాహమేసిన ఆవు తాగినట్టు.

జెలిందా గట్టుమీద నిలబడి ఆ చప్పుడు విన్నది. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. పడవ అడుగున బిరడా తనే ఊడగొట్టి వచ్చింది. తమ్ముడు ఒరెస్తే కొడతానన్నాడు గానీ సుత్తి ఇవ్వలేదు. అమ్మ పేరు పెట్టుకున్న పడవ అది — అగ్నేసే. తను అందులోనే పుట్టింది. అందులోనే పొయ్యి, అందులోనే పక్క. ముంచాల్సి వస్తే తన చేత్తోనే ముంచాలి.

పోప్లర్ చెట్ల దూది గాల్లో ఎగురుతోంది. సీలే నది ఎప్పట్లాగే పచ్చగా, తీరిగ్గా పోతోంది.

గోధుమలు ఎగువ మిల్లులకి. పిండి దిగువకి. తాతల తాతల నాటి నుంచీ అదే పని. "వెనిస్ తిన్న రొట్టె మనం మోసిందే" అని నాన్న మీసం దువ్వేవాడు.

ఇప్పుడు రోడ్డు వచ్చింది. లారీ వచ్చింది. మిల్లువాళ్లు మొహం చాటేశారు.

"అందరం ఒకే పొద్దున పడవలు ముంచేద్దాం" అన్నవాడు ఒరెస్తే. "ఊరూరా తెలుస్తుంది. మిల్లువాళ్లు సిగ్గుతో చస్తారు. సరుకు మళ్లీ మనకే ఇస్తామని బతిమాలుకుంటారు. అప్పుడు కొత్త పడవలు కట్టుకుందాం."

పడవవాళ్లలో పెద్దాయన మోమి ఎగిరిపడ్డాడు. "నీకేమన్నా మతి పోయిందా? చేతిలో ఉన్నదాన్ని ముంచుకుని గాల్లోదాని కోసం చూడ్డమేంట్రా?"

ఒరెస్తే ఆయన చేతులు పట్టుకున్నాడు. కన్నీళ్లు పెట్టుకున్నాడు. "ముందు మాదే ముంచుతాం మామా. సరేనా?"

మాదే... అక్కని అడక్కుండానే అనేశాడు.

పడవలోకి వచ్చాక జెలిందా నిలదీసింది. "ఒరే, నా మొహంలోకి చూసి చెప్పు. రేపు నువ్వు లారీ ఎక్కవు కదా?"

"అమ్మ మీద ఒట్టక్కా. లారీ ముట్టుకుంటే ఈ చెయ్యి పడిపోవాలి."

నమ్మింది. చిటికెన వేలు పట్టుకుని గట్టుమీద నడక నేర్పిన తమ్ముడు. నమ్మక ఏం చేస్తుంది?

అలా ముందు అగ్నేసే మునిగింది. దాని వెనక మోమిది. వాటి వెనక మిగతావన్నీ... పడవల ముక్కులు మాత్రం నీటిపైన మిగిలాయి.

ఎవరూ సిగ్గుపడలేదు. ఎవరూ బతిమాలుకోలేదు.

ఎండలు పోయాయి. ఆకులు రాలాయి. ఒరెస్తే మెస్త్రె పట్నం వెళ్లి ఫ్యాక్టరీలో పని దొరికిందని కబురు పెట్టాడు. జెలిందా గట్టున ఒక గది తీసుకుంది. కదలని నేల మీద కునుకు పట్టేది కాదు. అయినా సర్దిచెప్పుకునేది... పోనీలే, పోతే అందరివీ పోయాయి. అందరం మాట మీద నిలబడ్డాం.

మంచు కమ్మిన ఒక పొద్దున, పొలెంటా ముద్ద వండుకోడానికి మొక్కజొన్నపిండి కొందామని ఎగువ మిల్లుకి వెళ్లింది.

మిల్లు రేవు వాలులో లారీ. ఎర్రది. కొత్తది.

దాని ముందు కొక్కేనికి తాడు. తాడు రెండో కొస రేవు రాతిలోని ఇనుప కడియానికి — పడవలు కట్టే కడియానికి.

వాకిట్లో బస్తాలు కుట్టే పిల్ల, పనికి కొత్త, పగలబడి నవ్వుతోంది. "చూశావా పిన్నీ ఈ విడ్డూరం! లారీని ఎక్కడైనా కట్టేస్తారా? రేపు గడ్డి కూడా వేస్తాడేమో!"

జెలిందా కూడా నవ్వింది. ముందు నవ్వింది.

పడవవాడు దేన్నీ కట్టకుండా వదలలేడు. వదిలితే ఏరు పట్టుకుపోతుందని వాడి చేతులకి భయం. ఎవడో మనవాడే పాపం, అనుకుంటూ కడియం దగ్గర తాడుమీద చెయ్యేసింది.

ఈ నదిమీద మంచు దిగితే కళ్లు పనికిరావు. ఏ పడవ ఎవరిదో ముడి తడిమి చెప్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో ముడి.

రెండు చుట్లు... కిందనుంచి ఒక మెలిక... కొసని వెనక్కి దూర్చి...

నాన్న ముడి.

నాన్న దాన్ని ఇద్దరికే నేర్పాడు.

"ఎవరిదే... ఈ లారీ?" తాడు వదలకుండానే అడిగింది.

"పేరు తెలీదు పిన్నీ. మిల్లు పిండంతా ఇతనే తోల్తాడు. పోయిన క్రిస్మస్‌కే కొని షెడ్డులో దాచాడట. పడవలన్నీ పోయాక రా, సరుకంతా నీకే అన్నారట మావాళ్లు. ఎంత ముందుచూపో!"

పోయిన క్రిస్మస్‌కే.

అంటే మోమి చేతులు పట్టుకుని ఏడ్చేనాటికి లారీ ఉంది. అమ్మ మీద ఒట్టేసేనాటికి ఉంది. తను సుత్తి ఎత్తేనాటికి ఉంది...

ఓరి నీ దుంప తెగ! ఒక్కమాట అడిగుంటే పడవ అమ్మి నేనే కొనిపెట్టేదాన్ని కదరా. ఇంతమంది నోట్లో మట్టి ఎందుకు కొట్టావురా? అదీ నా చేత ఎందుకు కొట్టించావురా?

 

ఆమె వేళ్లు ముడి విప్పాయి. మళ్లీ కట్టాయి. ఈసారి వేరే ముడి — చలికాలానికి పడవని నిలిపేసేటప్పుడు వేసేది. లాగేకొద్దీ బిగుస్తుంది. ఒక్కడి వల్ల కాదు. ఒకరు అటునుంచి వదులు చేస్తుంటే ఇంకొకరు ఇటునుంచి విప్పాలి. ఏటేటా ఆ పని అక్కాతమ్ముళ్లదే.

కట్టి, పక్కన నిలబడింది.

ఒరెస్తే వచ్చాడు. తోలు కోటు. ముడి లాగాడు. మళ్లీ లాగాడు. వాడి చేతులకీ తెలిసిపోయింది. నెమ్మదిగా తలెత్తాడు.

"అక్కా..."

జెలిందా చెయ్యి చాపింది. రా, కలిసి విప్పుదాం అన్నట్టు. ఇంత జరిగాక కూడా ఎందుకు చాపిందో ఆమెకే తెలీదు.

"బస్తాలెక్కి ఎంతసేపయింది! బయల్దేరవయ్యా!" లోపల్నుంచి ఎవరో కేకేశారు.

పడవవాళ్లు తాడు కొయ్యరు. మనిషి మునిగిపోతుంటే తప్ప కొయ్యరు.

ఒరెస్తే జేబులోంచి కత్తి తీశాడు.

తల దించుకునే కోశాడు.

లారీ వాలెక్కి మంచులోకి పోయింది. కడియానికి తాడు ముక్క వేలాడుతోంది. ముడి అలాగే ఉంది.

జెలిందా చాపిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోలేదు...