కుదురులేని కుండీ

ఢిల్లీ మునిర్కాలోని ఆ మేడ మీద బట్టలారేసుకునేవాళ్ళు ముందు కిందికి చూసి అడుగేస్తారు. కింది భాగంలో ఉండే ఛాయాదేవి పెంచే పూలకుండీలు కాళ్ళకు అడ్డం పడతాయి మరి. చలి మొదలవుతుండగా ఆవిడ విత్తనం చల్లితే, ఫిబ్రవరికల్లా పసుప్పచ్చ బొడ్డుతో బుల్లి బుల్లి తెల్లరేకుల చామొమైల్ పూలు విచ్చుకుంటాయి. మన చామంతికి చెల్లెలి వరస. ఆ పూలు ఎండబెట్టి వేన్నీళ్ళలో వేసుకుని తాగితే మనిషిలోని కంగారు దిగిపోతుంది. దిగింది ఎక్కడికో అక్కడికి పోవాలిగా, ఏ కుండీలో పూసిన పూలో ఆ కుండీలోకే పోతుంది. ఇక ఆ కుండీ ఒకచోట నిలవదు. పిట్టగోడ నుంచి నీళ్ళ టాంకు దాకా, టాంకు నుంచి మళ్ళీ పిట్టగోడ దాకా టకటకా తిరుగుతుంది. "ఎవరికో పరీక్ష దగ్గరపడినట్టుంది" అనుకుని జనం పక్కకు తప్పుకుంటారు.

మూడో అంతస్తులో అద్దెకుండే భానుశ్రీకి ఈ కుండీల వంక చూసే తీరికెక్కడిది? సివిల్స్ ఇంటర్వ్యూ దాకా రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చిన పిల్ల. ఇదే ఆఖరి అవకాశం, ఆపైన వయసు ఒప్పుకోదు. అన్నం ముందు కూర్చుంటే కాళ్ళు ఊగుతాయి. పడుకుంటే రెప్ప వాలదు. పైగా దేనికైనా ఒకటి చాలదు ఆ పిల్లకి. రెండు కోచింగులు, మూడు పేపర్లు, ఒకే పాఠానికి ఎన్ని రకాల నోట్సు దొరికితే అన్నీ. ఆ వీధిలో చదివేవాళ్ళందరిదీ అదే జబ్బు.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం ఆమె ఛాయాదేవి తలుపు తట్టింది.

"ఆంటీ, రేపే నా ఇంటర్వ్యూ. నిద్ర పడ్తలేదు. కడుపుల ఒకటే గడబిడ."

ఛాయాదేవి మందిచ్చే ముందు ఆరా తీసే మనిషి. "పూజలో చామంతిపూలు ముట్టుకుంటే తుమ్ములూ దద్దుర్లూ వస్తాయా నీకు?"

"లేదాంటీ."

"రక్తం పల్చబడే మాత్రలేమన్నా మింగుతున్నావా? మావారు మింగుతారు, అందుకే ఆయనకి చుక్క కూడా పొయ్యను."

"నాకే మాత్రల్లేవు ఆంటీ."

"అయితే చిటికెడు పువ్వులు, గ్లాసుడు వేన్నీళ్ళు. మూతెట్టి కాసేపు ఉంచు, లేపోతే సారమంతా ఆవిర్లో పోద్ది. కడుపు నెమ్మదిస్తుంది, నిద్రా పడుతుంది. పిప్పి పారెయ్యకు, చల్లార్చి గుడ్డలో కట్టి కళ్ళమీద పెట్టుకో, మంట తగ్గుద్ది. ఒక్క గ్లాసేనమ్మా. రెండోది వద్దు."

"ఠీక్ హై ఆంటీ" అంటూ భానుశ్రీ పూల డబ్బా పట్టుకుని పైకి ఎక్కింది. ఒక గ్లాసు తాగింది. ఊగే కాళ్ళు ఆగాయి. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక్క గ్లాసుకే ఇంత హాయైతే అనుకుని, డబ్బాలో ఉన్నదంతా కెటిల్లో వేసి, కెటిలంతా తాగేసింది.

మర్నాడు అదే గదిలో ఆమెతో ఉండే హాసిని బయటి నుంచి వచ్చేసరికి, భానుశ్రీ బాల్కనీలో ఎండకు కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది. స్నానం లేదు, చీర కట్టలేదు.

"ఏమే, టైమెంతయిందో చూశావా? మధ్యాహ్నానికి అక్కడుండాలి కదా!"

"పోదాం తియ్. గింత మంచి ఎండ మల్ల దొరుకుతదా?"

"భానూ, ఇంటర్వ్యూ!"

"అచ్ఛా. పోకపోతే ఏమైతది హాసినీ? ఏం గాదు." ఆమె నిజంగానే అలా అనుకుంటోంది. ఇన్నేళ్ళ చదువూ ఎవరిదో దూరపు చుట్టం కథలా తోస్తోంది. హాసినికి భయమేసి ఏడుపొచ్చింది. చెయ్యి పట్టి లాగితే భానుశ్రీ నవ్వి ఒక తొన చేతిలో పెట్టింది.

అప్పుడు మెట్ల మీద డబ్ డబ్ మని చప్పుడయింది. మేడ మీది కుండీ ఒక్కో మెట్టే దూకుతూ దిగి వస్తోంది. అంచు ఒకచోట పెచ్చూడింది. మట్టి చిందిస్తూ గదిలోకొచ్చి భానుశ్రీ మోకాలిని ఢీకొట్టింది. గుమ్మం దాకా ఉరికింది, వెనక్కొచ్చి మళ్ళీ ఢీకొట్టింది.

భానుశ్రీ దాన్ని తేరిపార చూసింది. అచ్చం తన కాళ్ళలాగే ఊగుతోంది. తనకు బరువనిపించి దించుకున్నదంతా, పాపం, ఈ చిన్న కుండీ మోస్తోంది. ఇన్నాళ్ళూ తనని పుస్తకం ముందు కూర్చోబెట్టింది ఇదేనని తోచి జాలేసింది. కుండీ ఈలోగా గుమ్మం దాటి మెట్లు దిగసాగింది.

"అదొక్కతే పోతుందే!" అంది హాసిని.

"ఒక్కదాన్నే ఎట్ల పోనిస్తం?" అని భానుశ్రీ లేచింది. హాసిని గబగబా ఆమెకు చీర చుట్టి, ఫైలు చేతికిచ్చి, కుండీతో సహా ఆటో ఎక్కించింది. దారి పొడుగునా కుండీ ఒళ్ళో ఎగిరెగిరి పడుతూనే ఉంది. "దీదీ, గమ్లా జాగ్రత్త" అన్నాడు ఆటో అతను కుండీని చూపిస్తూ, ఇలాంటివి చాలా చూసినవాడిలా.

షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ ఆఫీసు గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. కుండీ లోపలికి పోదన్నాడు. కుండీలో చేరిన తన కంగారు దాని పువ్వులోనూ ఉంటుందనుకుని, భానుశ్రీ ఒక్క పువ్వు తుంచి నోట్లో వేసుకుని నమిలింది. చేదుగా ఉంది. మోకాళ్ళలో సన్నగా వణుకు పుట్టింది, గుండె కొట్టుకుంది. వణుకుతో పాటే ఇక్కడికి ఎందుకొచ్చిందో కూడా గుర్తొచ్చింది. చెయ్యి రెండో పువ్వు మీదికి పోయింది. ఆంటీ మాట తలుచుకుని వెనక్కి తీసుకుంది.

లోపల బోర్డు పెద్దాయన మొదటి మాటగా, కంగారుగా ఉందా అని అడిగాడు. కిందటి రెండుసార్లూ ఇదే ప్రశ్నకు లేదు సర్ అని అబద్ధమాడింది.

"ఉంది సర్, కొంచెం. మిగతాది గేటు దగ్గర వదిలొచ్చాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అడిగినవాటికి, తెలిసింది తెలుసనీ తెలియనిది తెలియదనీ చెప్పుకుపోయింది.

ఏప్రిల్ ఎండలకు మేడ మీది మొక్కలన్నీ ఎండిపోయాయి. ఛాయాదేవి విత్తనాలు దులిపి దాచుకుంది. కుండీలు కదలడం మానేశాయి. ఒక మధ్యాహ్నం ఫోన్లో ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. హాసిని అరిచిన అరుపుకి వీధిలో కుక్కలు లేచాయి. భానుశ్రీ మాత్రం ఎవరికీ అందకుండా మేడ మీదికి పరుగెత్తి, ఆ రోజు తనతో పాటే తిరిగొచ్చిన, అంచు పెచ్చూడిన కుండీ ముందు కూలబడి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

"గెలిచినం" అంది.

కుండీ ఒక్కసారి ఆమె మోకాలికి తగిలి, ఆగిపోయింది.