దాచిన తడిగుడ్డ

ఆ ప్రభుత్వ పరిశోధనశాలలో టెక్నీషియన్‌ది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మట్టిలో రంపపు పొట్టు కలిపి, నీళ్ళు వడగట్టే క్యాండిళ్ళు చేసే పద్ధతి అక్కడే పుట్టింది. బట్టీలో కాల్చినప్పుడు పొట్టు కాలిపోయి దాని చోట కంటికి కనపడని రంధ్రాలు మిగులుతాయి. నీళ్ళు దిగుతాయి, మురికి ఆగిపోతుంది. లెక్కలు సైంటిస్టుగారివి, చేతులు టెక్నీషియన్‌వి.

ఆ పద్ధతిని చిన్న కంపెనీలకు ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చాక, సైంటిస్టుగారు ఎనభై పేజీల పుస్తకం తయారుచేశారు. అట్ట మీద నాలుగు పేర్లున్నాయి. టెక్నీషియన్ రెండుసార్లు తిరగేసి చూసి, ఉండబట్టలేక అడిగాడు.

“సార్, నా పేరు ఎక్కడైనా...”

“నువ్వు లేకపోతే ఈ పని అయ్యేదా చెప్పు!” అని ఆయన భుజం తట్టారు. “కానీ చెయ్యి వేసినవాళ్ళందరి పేర్లూ రాసుకుంటూ పోతే అది ఓటర్ల జాబితా అవుతుందయ్యా.”

గదిలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

ఆ పద్ధతి మొదట తీసుకున్నది తండ్రి తర్వాత మట్టిసామాన్ల కార్ఖానా నడుపుతున్న ఒకావిడ. మూడు రోజుల శిక్షణకి నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. అచ్చులోంచి తీసిన క్యాండిళ్ళకి మొదటి పూట తడిగుడ్డ కప్పాలి. లేకపోతే అంచు ముందు ఆరిపోయి, లోపల సన్నటి పగులు పడుతుంది. అది కాల్చాకగానీ బయటపడదు. వందల క్యాండిళ్ళు పాడుచేసుకుని అతను నేర్చుకున్న సంగతి అది. ఆరబెట్టే గదిలో ఎప్పుడూ నిలబడని సైంటిస్టుగారి పుస్తకంలో ఆ మాట లేదు. ఆ మూడు రోజులూ సాయంత్రం ఆవిడ వెళ్ళాక అతను గుడ్డలు కప్పి, పొద్దున ఆవిడ వచ్చేలోపు తీసేశాడు.

చివరిరోజు ఆవిడ నోటుపుస్తకం మూస్తూ, “మాస్టారూ, ఇంకేమైనా ఉందా? పనిలో సగం కాగితానికెక్కదనేవాడు మా నాన్న,” అంది.

“అంతా పుస్తకంలోనే ఉందమ్మా.”

ఆ మాట అంటున్నప్పుడు అతనికి లోపలెక్కడో తీపిగా అనిపించింది. తర్వాత్తర్వాత అన్నిటికంటే ఎక్కువ పొడిచింది ఆ తీపే.

నాలుగు నెలలకి ఆవిడ ఒక అట్టపెట్టెతో వచ్చింది. పెట్టె నిండా పగిలిన క్యాండిళ్ళే. ఒకటి చేతిలోకి తీసుకోగానే టెక్నీషియన్‌కి అర్థమైపోయింది. పగులు అంచు దగ్గరే మొదలైంది.

“పుస్తకంలో ఉన్నట్టు చేస్తే పగలవమ్మా,” అన్నారు సైంటిస్టుగారు. “మీ బట్టీ మనిషి మంట ఎక్కువ పెట్టి ఉంటాడు.”

“మేమూ అదే అనుకున్నాం సార్. బట్టీ చూసేది మా బాబాయే. ముప్ఫై ఏళ్ళుగా ఆయనే. కళ్ళు మందగించాయి, ఇంక ఇంట్లో ఉండు బాబాయ్ అన్నాను. తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.” ఆవిడ పెట్టెవైపు చూపించింది. “ఆయన వెళ్ళాక కూడా పగులుతూనే ఉన్నాయి.”

టెక్నీషియన్ నోరు తెరిచాడు. సైంటిస్టుగారు అతనివైపు చూశారు. అతను క్యాండిల్‌ని పెట్టెలో పెట్టేసి, చేతులు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ముద్ద దిగలేదు. భార్య గుచ్చిగుచ్చి అడిగితే అంతా చెప్పాడు. ఆమె వడ్డించే గరిటె అలాగే పట్టుకుని విన్నది.

“పేరు ఎగ్గొట్టింది ఆయన. పగిలింది ఈవిడ సరుకు. ఇంట్లో కూర్చుంది ఆ ముసలాయన,” అంది. “అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్నమాట.”

“రేపు వెళ్తాను.”

“వెళ్ళండి. వెళ్ళి సాకులు మాత్రం చెప్పకండి.”

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాడు. కార్ఖానా రేకుల షెడ్డు. నాలుగువైపులా గాలి. ఇక్కడ అంచులు ఎంత తొందరగా ఆరిపోతాయో గుమ్మంలోనే తెలిసింది. రెండు పాత గోనెపట్టాలు తడిపి, అప్పుడే అచ్చుల్లోంచి తీసిన క్యాండిళ్ళ మీద కప్పాడు. ఆవిడ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

“ఇంతేనా?”

“ఇంతేనమ్మా.”

“అప్పుడు అడిగాను కదా మాస్టారూ.”

“అడిగావు. తెలిసే చెప్పలేదు.”

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. “ఈ మాట మా బాబాయితో మీరే చెప్పండి,” అని దారి చూపించింది.

బాబాయి అరుగు మీద కూర్చుని గొడ్డలికి కొత్త పిడి చెక్కుతున్నాడు. మొత్తం విన్నాక కత్తి పక్కనపెట్టాడు.

“తడిగుడ్డతో గొంతు కోస్తారంటే విన్నాను నాయనా. తడిగుడ్డ దాచి కోస్తారని ఇవాళే తెలిసింది.” పిడి మీది చెక్కపొట్టు దులిపి, “మంట రంగు చూసి వేడి చెప్పేవాణ్ణి. ఈ రెండు నెలలూ పొయ్యిలో మంట చూసినా అనుమానమే, ఇది ఎరుపా, నారింజా అని,” అన్నాడు.

టెక్నీషియన్ ఆయన కాళ్ళవైపు వంగబోయాడు. “ఒద్దు, లే,” అన్నాడు బాబాయి విసుగ్గా. “మా అన్నకూతురు వచ్చి పిలిస్తే వెళ్తాను. నీ మాట మీద మాత్రం వెళ్ళను.”

సోమవారం సైంటిస్టుగారి ముందు నిలబడి ఒప్పుకున్నాడు. ఆయన, “ఓటర్ల జాబితా అన్నందుకేనా?” అని మెల్లగా అడిగారు. అతను తలూపాడు. ఆయన మెమో ఇచ్చారు, అతను సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కూర్చుని తడిగుడ్డ సంగతి ఒక పేజీగా రాసి, పద్ధతి తీసుకున్న మిగతా రెండు కంపెనీలకీ పంపారు.

కార్ఖానాలో క్యాండిళ్ళు పగలడం ఆగిపోయింది. ఆవిడ వెళ్ళి పిలిస్తే బాబాయి తిరిగి వచ్చాడు. ఎలా ఉందో చూద్దామని టెక్నీషియన్ మరోసారి వెళ్ళినప్పుడు బట్టీ మండుతోంది. బాబాయి కన్నంలోంచి మంట చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత పక్కన మట్టి పిసుకుతున్న మనిషిని పిలిచి, “ఒకసారి నువ్వు చూసి చెప్పరా, ఏ రంగులో ఉంది?” అని అడిగాడు.

టెక్నీషియన్ లోపలికి వెళ్ళలేక, షెడ్డు బయటే చాలాసేపు నిలబడిపోయాడు.