కాంతం తలనొప్పి

గరిటెలో కొబ్బరినూనె కాగింది. రమణి అందులో రెండు మిరియపు గింజలు నలిపి వేసి, చిటికెన వేలు ముంచి వేడి చూసుకుని వసారాలోకి వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజూ ఉన్న పనే. కాంతం గోడవారన కూర్చుని లేసు అల్లుతోంది. నుదుటికి తడిగుడ్డ బిగించి కట్టుకుంది.

"నూనె కాచడానికింతసేపా? కొబ్బరికాయలు దింపించి ఆడించుకొచ్చేవేమో అనుకున్నాను," అంది కాంతం.

రమణి తోడికోడలిని గోడ నుంచి కాస్త ముందుకి జరిపి, వెనక మోకాళ్ల మీద కూర్చుని చేతులకి నూనె రాసుకుంది.

వీళ్ల భర్తలు, అన్నదమ్ములిద్దరూ, కువైట్‌లో ఉన్నారు. అత్తమామలు పోయాక ఇంటి పెత్తనం పెద్దకోడలు కాంతానిదే. రమణి కాపురానికి వచ్చిన ఏడాదే కాంతానికి తలనొప్పి పట్టుకుంది. "దీని అడుగు పడ్డ వేళావిశేషం" అని కాంతం వీధంతా చెప్పుకొచ్చింది. సొంఠి పట్టు వేసినా, దిష్టి తీసినా తగ్గలేదు. పొద్దు వాలేసరికి తల పట్టుకుని మంచం ఎక్కేది.

ఈ వేసవిలో రాజోలు కాన్వెంటు వాళ్లు చిన్న క్లాసులకి టీచరమ్మ కావాలని, ఇంటరు చదివిన రమణిని రమ్మన్నారు. భర్త సురేంద్ర ఫోనులో ఒకటే మాట చెప్పాడు. "వదిన తలనొప్పితో పడుంటే నువ్వు ఉద్యోగానికెల్తే నలుగురూ ఏమంటారు? ఆవిడకి తగ్గనీ. అప్పుడెల్దువు గాని."

ఆ పూట నుంచి రమణికి ఆ తలనొప్పి శత్రువైంది. తలనొప్పి గల మనిషి అంతకు ముందు నుంచే శత్రువు.

పట్టుబట్టి కాంతాన్ని రాజోలు డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లింది. ఆయన పుర్రె కింద, మెడ మొదట్లో బొటనవేలితో నొక్కేసరికి కాంతం కెవ్వుమంది. ఏం పని చేస్తారమ్మా అని అడిగాడు. చాప మీద కూర్చుని, లేసు మోకాలి మీద పెట్టుకుని, పొద్దస్తమానం దాని మీదికి వంగి ఉంటుందని రమణి చెప్పింది. "జబ్బు తలలో లేదు, మెడలో ఉంది. వీపు గోడకి ఆన్చి కూర్చోండి. ఒళ్లో దిండ్లు పెట్టుకుని పనిని కళ్ల దగ్గరకి ఎత్తుకోండి, కళ్లని పని దగ్గరకి దించకండి. మధ్య మధ్య లేచి తిరగండి. మెడా భుజాలూ నెమ్మదిగా మర్దనా చేయించుకోండి," అన్నాడాయన.

"సూది మందు లేదు, బిళ్ల లేదు. కూర్చోడం నేర్పడానికి ఈయనెందుకు? బాలింతరాల్లాగ ఒళ్లో దిండ్లేసుకు కూర్చోనా?" అంది కాంతం బస్సులో, అందరూ వినేలా.

రమణి ఇంకో దారి పట్టింది. నర్సాపురం నుంచి పంటి మీద గోదావరి దాటి వచ్చి లేసు పట్టుకెళ్లే బంగారరాజు, మురికి పడ్డ ముక్క ఏదైనా వెనక్కి ఇచ్చేస్తాడు. కాంతానికి అంతకు మించిన తలవంపు లేదు. అందుకని రమణి ఒక పూట, "చాపకి ఆనుతోంది, లేసు నల్లబడతందండి అక్కగారూ," అని ఒళ్లో రెండు దిండ్లు పెట్టి మీద తెల్లగుడ్డ పరిచింది. ఎండ తగలదని చాప గోడ దగ్గరకి జరిపింది. లేసు పైకి లేచింది, దానితో పాటే కాంతం తల కూడా.

మొదట్లో ఆ మెడ మీద వేళ్లు పెడితే కొబ్బరి పిందెల్లాంటి గట్టి ముడులు తగిలేవి. చెవుల వెనక నుంచి భుజాల దాకా రమణి మెల్లమెల్లగా నొక్కుతూ దిగేది. ఎవరైనా పిలిస్తే కాంతం మెడ తిప్పలేక మనిషంతా తిరిగేది. రాను రాను ముడులు కరిగాయి. ఇప్పుడు వేళ్ల కింద మెడ మెత్తగా కదులుతోంది. నుదుటి మీద గుడ్డ మాత్రం అలాగే ఉంది.

"ఎలా ఉందండి ఇవాళ?" అని అడిగింది రమణి.

"ఎలా ఉంటాది? చస్తన్నాను. నీ చేతుల్లో బలం లేదు. తిండి మాత్రం బాగానే తింటావు."

సాయంత్రంలోగా వచ్చి కలవకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని కాన్వెంటు వాళ్లు పొద్దున్నే కబురు పంపారు. సర్టిఫికెట్లు పెట్టిన సంచి గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. కాంతం దానిని చూసింది. చూసి, గుడ్డ ఇంకా బిగించి కట్టుకుంది.

ఫోను మోగింది. శుక్రవారం, సురేంద్రకి సెలవు. రమణి చేతులు తుడుచుకునే లోపల కాంతం గబుక్కున పక్కకి వంగి స్టూలు మీది రిసీవరు అందుకుంది. దాన్ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, మెడ ఒక పక్కకి పూర్తిగా వాల్చి, రెండు చేతులా లేసు అల్లుకుంటూ మాట్లాడసాగింది. సూది ఎక్కడా ఆగలేదు.

"ఆయ్, బాబూ. ఏం తగ్గడం? మెడ ఇలా తిప్పితే ప్రాణం పోతంది. మీ ఆవిడా? సంచి సర్దేసుకుంది. నేను పోతే దానికి పీడా పోద్ది."

రమణి వేళ్లు ఆ మెడ మీదే ఉన్నాయి. వాలిన దానికి అవతలి వైపు కండ తీగపాకంలా సాగింది. ఎక్కడా బిగువు లేదు, వణుకు లేదు. నొక్కడం ఆపి వేళ్లు అక్కడే ఉంచింది. ఆ స్పర్శలో తేడా తెలిసి కాబోలు, కాంతం చప్పున తల నిటారుగా ఎత్తింది. రిసీవరు ఒళ్లోని దిండ్ల మీద పడింది.

కాంతం మెడ తిప్పి వెనక్కి చూసింది, ఇద్దరి చూపులూ కలిశాయి. రిసీవరులోంచి సురేంద్ర గొంతు, "వదినా, వదినా" అంటూ సన్నగా వినిపిస్తోంది.

రమణి గరిటెలో మిగిలిన నూనెను సీసాలో ఒంపి, మూత బిగించి, కాంతం చేతికి అందే చోట పెట్టింది.

"ఇదిగో, నీ మొగుడు. మాట్లాడు," అంటూ కాంతం రిసీవరు చాపింది. మొదటిసారి ఆ గొంతులో కొంచెం భయం ఉంది.

రమణి పెరటిలోకి వెళ్లి కుంకుడు రసంతో జిడ్డు పోయేలా చేతులు కడుక్కుని వచ్చింది. మేకు మీది సంచి తీసుకుంది. చాచిన రిసీవరు పక్కనుంచే నడిచి, మెట్లు దిగి, బస్సు రోడ్డు వైపు వెళ్లిపోయింది.