రొద అనిపించుకున్న జేగంట

నేను ఒక జేగంటను. ఏ గుడికో పోవలసినదాన్ని, బేరం కుదరక బెజవాడ సింగ్‌నగర్‌లోని ఒక బౌద్ధ విహారానికి చేరాను. విహారమంటే ఏదో ఊహించుకునేరు! మేడ మీద రేకుల హాలు, బుద్ధుడి విగ్రహం, పక్కన అంబేడ్కర్ పటం, నాలుగు చాపలు. అంతే.

నన్ను మోగించేది రత్నాకరం మాస్టారు. రిటైరైన లెక్కల పంతులు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. ధ్యానం ముగియగానే నన్ను ఒక్క దెబ్బ కొట్టేవారు. అప్పుడు ప్రతివారూ పక్కవారి వైపు తిరిగి "నమో బుద్ధాయ" అనాలి. బదులు వచ్చేదాకా చాప మీంచి లేవకూడదు. అది అక్కడి కట్టుబాటు. కునికిపాట్లు పడేవాళ్లు దొరికిపోయేది అప్పుడే, ఇక నవ్వులే నవ్వులు!

తర్వాత ఒకరికి షిఫ్టులు, ఒకరికి ట్రాఫిక్కు. ధ్యానం ఫోన్లలోకి ఎక్కింది. అబద్ధమెందుకు, జనం పెరిగారు కూడా. మాస్టారు నన్ను ఇంటికి తెచ్చుకుని ఫోను ముందు మోగించారు. ఆ ఫోనుకి నేను నచ్చలేదు.

"మీ గంట వినపడట్లేదు మాస్టారూ. ఫోను దాన్ని రొద అనుకుని ఆపేస్తోందండీ," అంది ప్రజ్ఞ. ధ్యానాన్ని ఫోన్లలో నడిపేది ఈ సాఫ్ట్‌వేర్ అమ్మాయే. "యాప్‌లో గంట ఉంది లెండి."

"మరి నమో బుద్ధాయో?"

"అందరూ ఒకేసారి అంటే గోలైపోద్దండీ. మ్యూట్‌లోనే చేతులు జోడిద్దాం."

"సరేనమ్మా," అన్నారాయన. నాకు మాత్రం ఎందుకో భయం వేసింది.

ఒక ఆదివారం పొద్దున, ధ్యానం మధ్యలో, మాస్టారి మూతి ఓ పక్కకి లాగేసింది. కుడిచెయ్యి వాలిపోయింది. నోరు తెరిచారు, మాట రాలేదు. తెర మీద ముఖాలన్నీ కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నాయి. ఎడమచేత్తో తడుముకుని, కొయ్య సుత్తి అందుకుని నన్ను కొట్టారు. నా జన్మలో అంత గట్టిగా మోగలేదు. ఆ పాడు ఫోను నన్ను మింగేసింది!

యాప్ గంట సన్నగా మోగింది. అందరూ కళ్లు తెరిచారు. తల వాల్చి, కదలక మెదలక కూర్చున్న మాస్టారు కనిపించారు.

"ఆ నిశ్చలత చూడండి, మనం నేర్చుకోవాలి. ఆయన్ని కదిలించొద్దు," అంది ప్రజ్ఞ మెల్లగా. తెర మీది దృశ్యాన్ని ఫొటో తీసుకుంది. ఒక్కొక్క ముఖమే మాయమైంది. మాస్టారి ఊపిరి సాయంత్రం దాకా ఆడుతూనే ఉంది.

ఇప్పుడు నేను విహారంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. "ధ్యానంలోనే కన్నుమూసిన ధన్యుడు" అని రాసి, ఆ ఫొటోనే పెద్దది చేయించి నా పైన కట్టారు. నిన్న ప్రజ్ఞ దానికి దండ వేయడానికి వచ్చి, చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"మాస్టారి చేతిలో ఆ సుత్తి ఎందుకుందీ?"

దండ జారిపోయింది. నన్ను బయటికి తీసి, ఒక్క దెబ్బ కొట్టి, చాప మీద కూలబడింది. ఫొటో వైపు తిరిగి "నమో బుద్ధాయ" అంది.

బదులు వచ్చేదాకా లేవకూడదు కదా. ఆ పిల్ల ఇంకా కూర్చునే ఉంది.