జాబరీ తడి చొక్కా

క్లీవ్‌లాండ్‌లో కిన్స్‌మన్ రోడ్డు మీదున్న ఒడెస్సా లాండ్రీ ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఏడుంపావుకల్లా హోరేస్ వచ్చేస్తాడు, చంకలో రెండు చొక్కాలూ ఒక దిండు గలీబూ పెట్టుకుని. ఇంట్లో మిషను లేక కాదు. భార్య పోయాక ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు, అదీ అతని బాధ. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో దూరగలడు. అతని వెనకే లెస్టర్ దిగుతాడు. పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, హోరేస్ ఏమంటే దానికి కాదనడమే పనిగా పెట్టుకున్నవాడు. ఇద్దరూ కిటికీ పక్క బల్ల మీద కూర్చుంటారు. పద్నాలుగు మిషన్లూ తిరుగుతుంటాయి. వాళ్ళ నోళ్ళు వాటికి పోటీ.

ఏప్రిల్ వచ్చిందంటే ఇక మాట ఒక్కటే. కాలేజీల్లో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళలోంచి జట్లన్నీ వరసగా తలా ఒకరిని ఎంచుకునే రోజు దగ్గర పడుతుంది. పోయిన ఏడు ఎంత అధ్వాన్నంగా ఆడితే ఈ ఏడు అంత ముందు వరస. క్లీవ్‌లాండ్ వాళ్ళకి ముందు వరస కొత్తేం కాదు. ఈసారి నాలుగోది దక్కింది. పోయిన సీజనంతా ఎదుటివాళ్ళు మన వెనక వరసని గేటు తీసి ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు దాటి వెళ్ళారు కాబట్టి, కావలసింది అడ్డుకునేవాడేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవడన్న దగ్గరే తేడా. జార్జియా నుంచి హేల్ అనే కుర్రాడున్నాడు, ఆరడుగుల అయిదంగుళాలు, బంతి విసిరేవాడు కళ్ళు తెరిచేలోపల మీద పడతాడు, వాణ్ణి తీసుకోకపోతే మనవాళ్ళంత దద్దమ్మలు ఉండరని లెస్టర్. ఈ వీధిలో పుట్టి పెరిగిన జాబరీ ఉండగా జార్జియా దాకా పోవడం దేనికని హోరేస్. జాబరీ అందరికన్నా వెనక నిలబడి కాపు కాసేవాడు. వాణ్ణి దాటితే ఇక ఎవరూ లేరు. వాణ్ణి దాటినవాడూ లేడు.

"వెనక నిలబడేవాడికి నాలుగో వరస ఖర్చు చేస్తారట్రా ఎవరైనా?" అనేవాడు లెస్టర్. "నీ పక్షపాతం వీధి చివరిదాకా కంపు కొడుతోంది."

"వాడు ఆరో తరగతిలో నా బస్సెక్కేవాడు. పక్షపాతం కాక ఇంకేం ఉంటుంది?" అనేవాడు హోరేస్.

లాండ్రీ యజమాని ఒడెస్సా ఈ గొడవలో తల దూర్చేది కాదు. ఆవిడకి అరవై నాలుగేళ్ళు, భుజాలు వంగాయి, చేతులు మాత్రం మగవాళ్ళ చేతుల్లా గట్టివి. ఆ లాండ్రీలో తడిసిన బట్ట, దాన్ని వేసుకునే మనిషి ఇకముందు ఎంత మొయ్యాలో అంత బరువు తూగుతుంది. ఆరితే మామూలే. చంటిపిల్లల గౌనులు తడిగా ఉన్నా చేతిలో ఉన్నట్టే ఉండవు. ఆస్పత్రికి పోవలసినవాళ్ళ దుప్పట్లకి ఇద్దరు కావాలి. అందుకే అక్కడ ఎవరి బట్టలు వాళ్ళు ఒక్కళ్ళే తీసుకోవాలనే పట్టింపు లేదు. పక్కవాళ్ళు లేచి ఒక కొస పడతారు, ఆరబెట్టే మిషన్లో పడేసి మళ్ళీ కూర్చుంటారు. ఎందుకింత బరువని ఎవరూ అడగరు, అది మర్యాద.

ఒడెస్సా జీవితంలో ఒక్క చొక్కానే ఎత్తలేక వదిలేసింది. అది మొగుడు రూఫస్‌ది. అప్పటికింకా మొగుడు కాలేదు. అతనూ ఫుట్‌బాల్ ఆటగాడే, తలతో ఢీకొట్టి ఆపేవాడని పేరు. మర్నాడు పెద్ద జట్టుతో సంతకం పెట్టాలి. ఆ సాయంత్రం అతని చొక్కా మిషన్లోంచి తీయబోతే కదల్లేదు. ముఖ్యంగా కాలరు దగ్గర, ఇనుము పోసినట్టుంది. ఏమైందని అతను అడిగితే, మిషను సరిగా పిండలేదని చెప్పింది. ఆవిడకప్పుడు ఇరవై మూడేళ్ళు, ఎదురుగా సంతోషంతో గెంతుతున్న మనిషి. ఆరేళ్ళు ఆడాడు, ఆ ఢీలన్నీ తలలోనే మిగిలిపోయాయి. నలభై ఆరో ఏట మొదటిసారి లాండ్రీ మధ్యలో మేజోడు పట్టుకు నిలబడి, ఇది ఎవరిదని అడిగాడు. తర్వాత ఒడెస్సాని చూపించి, ఈవిడెవరని అడిగాడు. యాభై అయిదో ఏట వృద్ధుల ఆస్పత్రిలో పోయాడు. ఆఖరి రెండేళ్ళూ అతనికి రోజూ అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచింది ఆ ఆస్పత్రి ఆయా రోనెట్. జాబరీ తల్లి.

ఆటగాళ్ళని ఎంచుకునేది గురువారం సాయంత్రం. ఆ పొద్దున జాబరీ సంచీ నిండా బట్టలు తీసుకుని లాండ్రీకి వచ్చాడు. తెల్లారితే ఏ ఊరికి ఎగిరిపోవాలో తెలీదు, ఉతికిన బట్టలుండాలని తల్లి పంపింది. వాడు కాలేజీకి పోయిన మూడేళ్ళలో ఇక్కడ తన బట్టలు ఉతికింది లేదు. హోరేస్ లేచి వాణ్ణి కావలించుకున్నాడు. లెస్టర్ మొహం మీదే, నువ్వు మంచివాడివే గానీ నాలుగో వరసకి ఎక్కువ బాబూ, అన్నాడు. జాబరీ నవ్వి, అదే మాట సాయంత్రం అనమన్నాడు. కొత్త సూటు చేతులు పొట్టి చేయించాలట, బట్టలు మిషన్లో వేసి దర్జీ దగ్గరికి పోయాడు.

మిషను ఆగింది. ఒడెస్సా తలుపు తీసి జీన్సులు, తువ్వాళ్ళు ఆరబెట్టేదాంట్లో వేసింది. అడుగున కాలేజీ చొక్కా ఒకటి మిగిలింది. దాని మీద చెయ్యి వేసి ఆగిపోయింది. హోరేస్ అలవాటుగా లేచి వచ్చి రెండో కొస పట్టాడు. ఇద్దరూ లాగారు. లెస్టర్ కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. ముగ్గురు కలిసి లాగితే చొక్కా జానెడు కదిలి, మళ్ళీ డ్రమ్ములోకి జారిపోయింది. లోపల ధన్‌మని చప్పుడైంది.

లాండ్రీలో ఉన్న అయిదారుగురూ చూశారు. హోరేస్ చేతిలో కాలరు ఉంది. ఇన్నాళ్ళుగా ఈ పేరు జపం చేస్తున్నవాడు, ఈ చొక్కా మన జట్టు రంగులోకి మారాలని లోకమంతటితో పోట్లాడినవాడు, ఆ కాలరు మెల్లగా వదిలేశాడు.

"మిషను సరిగా పిండలేదు," అన్నాడు.

ఒడెస్సా అతని వంక చూసింది. మిషను తలుపు మూసింది.

నాలుగింటికి జాబరీ వచ్చినప్పుడు ఆవిడే వాణ్ణి వెనక గదిలోకి తీసుకెళ్ళింది. రూఫస్ సంగతి చెప్పింది, తను ఆడిన అబద్ధంతో సహా. నీ చొక్కా ముగ్గురికి లేవలేదని కూడా చెప్పింది.

వాడు గోడకి ఆనుకుని అక్కడున్న బట్టల బుట్టల వంక చూశాడు.

"మా అమ్మ ఆస్పత్రి బట్టలు ఎప్పుడైనా ఎత్తావా పెద్దమ్మా?" అన్నాడు.

"ఎత్తాను."

"నేను పదేళ్ళ వయసునుంచి ఎత్తుతున్నాను. ప్రతి ఏడూ బరువు పెరుగుతున్నాయి. ఎవరో ఒకరు మొయ్యాలి కదా. నేను సంతకం పెడితే రేపటినుంచి ఆవిడ ఆ బట్టలు వేసుకోనక్కర్లేదు."

"ఆవిడనడుగు ఒక మాట."

"వద్దు. నువ్వూ చెప్పొద్దు. నా మీద ఒట్టు."

ఒడెస్సా ఒట్టు వేసింది. వేయకుండా ఎలా ఉండగలదో ఆవిడకి తోచలేదు. చొక్కా రేపు తీసుకుంటానని, మిగతా బట్టలు మోసుకుని వాడు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఏడున్నరకి వీధి వీధంతా లాండ్రీలో చేరింది. గోడకున్న టీవీ ముందు కుర్చీలు వేశారు. ఎవరో కోడి వేపుడు తెచ్చారు, ఎవరో జట్టు రంగు కాగితాలు తగిలించారు. ఆస్పత్రినుంచి తిన్నగా వచ్చిన రోనెట్ అందరికీ కేకు ముక్కలు పంచింది. కొడుకుని పెంచడంలో ఒక్కొక్కరు చేసిన సాయం పేరు పేరునా చెప్పింది. మా వాణ్ణి బస్సులో రోజూ నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకునేవాడివని హోరేస్‌తో అని, అతనికి పెద్ద ముక్క ఇచ్చింది. ఇక ఇంటికి పోతానంది. ఎంచుకునే జట్టువాళ్ళు ముందు ఫోను చేస్తారు, అప్పుడు వాడి పక్కన ఉండాలి కదా.

హోరేస్ ఆ కేకు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తినలేకపోయాడు. పళ్ళెం కిటికీలో పెట్టి, రోనెట్ మోచెయ్యి పట్టుకుని పదకొండో మిషను దగ్గరికి నడిపించాడు.

"ఇది నీ కొడుకుది," అన్నాడు. "ఎత్తి చూడమ్మా. పొద్దున మేం ముగ్గురం ఎత్తలేకపోయాం. నేను అబద్ధమాడాను."

ఒడెస్సా కళ్ళు మూసుకుంది. టీవీలో ఎవరో మొదటి జట్టు పేరు చదువుతున్నారు, ఇక్కడ ఎవరూ వినడం లేదు.

రోనెట్ తలుపు తీసింది. లోపలికి వంగి, రెండు చేతులూ కిందకి పోనిచ్చి, నిద్రపోతున్న పిల్లాణ్ణి మంచం మీంచి తీసినట్టు ఆ చొక్కా బయటికి తీసింది. సాయం పట్టబోయిన లెస్టర్‌ని తలూపి వద్దంది. మెడ నరాలు ఉబ్బాయి. గుండెకి హత్తుకుని, నీళ్ళు కార్చుకుంటూ, రోడ్డు దాటి తన ఇంటి మెట్లెక్కింది. లాండ్రీలో జనం కిటికీ దగ్గర నిలబడి చూశారు. నాలుగు మెట్లకి నాలుగుసార్లు ఆగింది.

ఇంట్లో జాబరీ కొత్త సూటులో సోఫా మీద ఉన్నాడు. ఫోను ఎదురుగా గూట్లో పెట్టి ఉంది. తల్లి వచ్చి ఆ తడి చొక్కా వాడి తొడల మీద పెట్టింది. సోఫా కోళ్ళు కిర్రుమన్నాయి. అప్పుడే ఫోను మోగింది.

వాడు లేవబోయాడు. లేవలేకపోయాడు. ఆ దేహాన్ని మైదానంలో ఆపినవాడు లేడు, ఆ గదిలో ఒక గుడ్డ ఆపింది. చేతులతో తోశాడు, అది కదల్లేదు.

"అమ్మా, ఫోను."

"నీకు తెలుసన్నమాట, నాకెందుకు చెప్పలేదురా?"

"నీ కోసమేనమ్మా."

"రూఫస్‌కి రెండేళ్ళు నేనే తినిపించాను," అంది రోనెట్. "నోరు తెరవమని నేను చెప్పాలి, మింగమని నేను చెప్పాలి. ఆ డబ్బుతో నాకు ఇల్లు కొంటావు. ఆ ఇంట్లో కూర్చుని నీకు తినిపించనా?"

ఫోను ఆగి, మళ్ళీ మోగింది. రోనెట్ గూట్లోంచి తెచ్చి, మీట నొక్కి, కొడుకు చెవి దగ్గర పట్టుకుంది. ఏం చెప్పాలో చెప్పలేదు. అవతల క్లీవ్‌లాండ్ జట్టు మనిషి సంతోషంగా ఏదో అంటున్నాడు. జాబరీ తడిసిన సూటు వంక చూసుకున్నాడు, తల్లి చెయ్యి వంక చూశాడు.

"థాంక్స్ సర్," అన్నాడు. "నా పేరు పిలవకండి. నేను ఆడను."

తర్వాత ఆ చొక్కా ఒక్క చేత్తో తీసి కుర్చీ మీద వేశాడు. అది గమనించేంత ధ్యాస ఇద్దరికీ లేదు. తల్లీ కొడుకూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

లాండ్రీ టీవీలో నాలుగో పేరు చదివారు. జార్జియా కుర్రాడు హేల్. అక్కడున్నవాళ్ళంతా లెస్టర్ వంక చూశారు. లెస్టర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రోనెట్ ఇంకా ఆస్పత్రికి పోతూనే ఉంది. జాబరీ వాళ్ళ పాత బడిలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు, సాయంత్రాలు గిడ్డంగిలో పెట్టెలు సర్దుతాడు. వీధిలో కొందరు వాడితో మాట్లాడటం మానేశారు. కొందరు ఒడెస్సా లాండ్రీకి రావడం మానేశారు. ఆవిడ రెండు మిషన్లు అమ్మేసింది.

సీజను మొదలయ్యాక రెండు నెలలపాటు జాబరీ ఆటలుండే ఆదివారాలు గడప దాటలేదు. నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం లాండ్రీలోకి వచ్చి హోరేస్ పక్కన కూర్చున్నాడు. టీవీలో మనవాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు, నిమిషం టైముంది. హేల్ బాగా ఆడుతున్నాడు. అవతలివాడు బంతి పట్టుకుని అందరినీ తప్పించుకున్నాడు. ఇక వెనక ఒక్క కుర్రాడే అడ్డం. ఆ కుర్రాడు ఎడమకి అడుగేశాడు.

"కుడి," అన్నాడు జాబరీ. కుడి భుజం ముందుకి వంగింది, మడమలు నేల వదిలాయి, చేతులు గాల్లో ఎవరినో చుట్టేసి పట్టుకున్నాయి.

టీవీలో అవతలివాడు గీత దాటి ఆరు పాయింట్లు కొట్టేశాడు.

జాబరీ ఆ చేతులు అలాగే పట్టుకుని ఉన్నాడు. హోరేస్ వాటిని ఒక్కొక్కటే కిందికి దించి, వాడి మోకాళ్ళ మీద పెట్టి, పైన తన చెయ్యి ఉంచాడు.