ఒక్క ఫోటాన్ లెక్క

ఈ ఉదయం మా అక్క కనకరత్నం నీళ్ళయి ఉంది. ఆసుపత్రి గోడ పక్కన తన టీ కొట్టులో, బల్ల మీద, నిలువూ అడ్డమూ ముప్ఫై సెంటీమీటర్లున్న గాజుతొట్టె నిండా ఉంది. నేను కంగారుపడను. మా రేడియేషన్ లెక్కల్లో మనిషిని నీళ్ళుగానే తీసుకుంటాం.

"వచ్చావా హైమా? కూర్చో, టీ పెడతాను" అంటుంది. గొంతు మాత్రం మారలేదు.

గోడకి లోపలి వైపు రేడియేషన్ గది. ఆ గోడ ఎంత మందం ఉంటే చాలో తేల్చింది నేనే. కంప్యూటర్‌లో కోటి ఉత్తుత్తి ఫోటాన్లను, అంటే కిరణాల రేణువులను, గోడ మీదికి వదిలి, ఇవతల నిలబడ్డ మనిషికి ఎంత మోతాదు తగులుతుందో చూశాను. ఒక్క ఫోటాన్‌కి ఎంతో మాత్రమే కంప్యూటర్ చెబుతుంది. అసలు యంత్రంలోంచి సెకనుకు ఎన్ని బయలుదేరతాయో చూసి, దాంతో మనమే హెచ్చవేసుకోవాలి. నేను హెచ్చవేయడం మరిచిపోయాను.

"ఏం భయం లేదక్కా, సున్నా కిందే లెక్క" అని చెప్పి ఇక్కడ కొట్టు పెట్టించాను. పదకొండేళ్ళు ఈ గోడకి వీపు ఆనించి టీ కాచింది. నిరుడు శ్రావణంలో చనిపోయింది. నా తెలివి తగలెయ్య.

కొట్టు ముందు వరస ఉంది. అందరూ ఫోటాన్లే. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మేం ఉత్తుత్తివాళ్ళం కదమ్మా, మా వల్ల ఎలా పోయింది?" అని ముందున్న ముసలాయన అడుగుతాడు.

"మీరొక్కరే అనుకున్నానండి."

ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు. వరస ఆసుపత్రి గేటు దాటి, రైలు గేటు దాటి, సముద్రంలోకి దిగిపోయింది. "అయ్యో" అంటాడు.

ఇప్పుడైనా సరిచేద్దామని వేళ్ళ మీద హెచ్చవేస్తాను. వేసేకొద్దీ తొట్టెలో నీళ్ళు తగ్గుతున్నాయి. ఆపేస్తాను. ఏడుపు తన్నుకొస్తుంది. కన్నీళ్ళు తొట్టెలో పడితే అక్క కొలత మారిపోతుందని మొహం పక్కకి తిప్పుకుంటాను.

"ఊరుకోవే పిచ్చిమొహమా. గోడ ఎంత తక్కువైందో అది చెప్పు."

"జానెడు."

"నువ్వు జానెడు మందం ఉంటావుగా."

నిజమే, ఉంటాను. వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడతాను. వీపు సిమెంటులోకి దిగుతుంది. మోకాళ్ళు బిగుసుకుంటాయి. ఫోటాన్లు చెప్పులు తొడుక్కుని, లోపలి గదిలోకి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరతారు. ఒక్కొక్కరే వెచ్చగా నా వెన్నులో తగిలి అక్కడే కూర్చుండిపోతారు. ఈసారి ఒక్కరినీ వదలకుండా లెక్కపెడతాను.

అక్క తొట్టెలోంచి లేచి, తడితడిగా వచ్చి, నాకు వీపు ఆనించి కూర్చుంటుంది.

"అబ్బ, ఇన్నాళ్ళకి గోడ చల్లగా ఉందే" అంటుంది.

తర్వాత నా భుజంలో మేకు కొట్టి, టీ వడపోసే గుడ్డ తగిలిస్తుంది. గుడ్డలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను కదలను.